హుషారు డీజిల్ హ్యాచ్‌కు ఇంకో తరం వస్తే ఏం ఉండాలి?

పాలమూరు_పిస్టన్ | మహబూబ్‌నగర్ | శనివారం రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్తే. నా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీడీఐ (డీజిల్ హ్యాచ్, అంటే డిక్కీ బయటికి పొడుచుకు రాని చిన్న కారు; 2016 మోడల్, 1.5 లీటర్ల ఇంజిన్) నిన్న పెబ్బేరు దాటాక 1,68,000 కిలోమీటర్లు పూర్తి చేసింది. బండి పక్కకు ఆపి మీటర్ ఫోటో తీసుకుంటుంటే, వెనకాల వచ్చిన పత్తి లారీ డ్రైవర్ కూడా ఆపి "టైరు పోయిందా సార్, జాకీ కావాలా?" అని దిగబోయాడు. ఫోటో కోసం ఆగానని చెప్పడానికి సిగ్గేసి, ఫోన్ వచ్చిందని చెప్పాను.

విత్తనాల కంపెనీలో ఫీల్డు పని నాది. గద్వాల, అయిజ, అలంపూర్ తిరిగి రాత్రికి ఇల్లు చేరాలి. నెలకు రెండు వేల కిలోమీటర్లకు తక్కువ కాదు. ఇప్పుడున్న బండి బాగానే ఉంది కానీ ఎన్నాళ్లు లాగుతుంది? మొన్న ఒక షోరూముకు పోయి "డీజిల్ కావాలి, హ్యాచ్ కావాలి, నడుపుతుంటే మజా ఉండాలి" అన్నాను. సేల్స్ పిల్లగాడు నన్ను పాతకాలం మనిషిని చూసినట్టు చూసి, ఎత్తు బండి (ఎస్‌యూవీ) బ్రోచర్ చేతిలో పెట్టాడు. నాకు ఎత్తు బండి వద్దు తమ్మీ. మలుపులో వంగే బండిలో కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది.

అయిజ రోడ్డు తిరిగినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. గడ్డి ట్రాక్టర్ వెనక నలభైలో పోతుంటాం. ఎదురుగా ఖాళీ దొరికేది ఐదారు సెకన్లు. అప్పుడు గేరు వెతుక్కునే టైం ఉండదు. మూడో గేరులోనే కాలు నొక్కితే ముందు ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత ఎవరో వెనక నుంచి సీటు పట్టుకుని నెట్టినట్టు పోతుంది. ఆ నెట్టుడే నాకు కావాల్సింది. సున్నా నుంచి నూరు ఎన్ని సెకన్లన్న లెక్క నాకు అక్కర్లేదు, సిగ్నల్ దగ్గర నేను ఎవరితోనూ పందెం పెట్టుకోను.

నిజంగా ఎవరైనా ఇలాంటి బండికి ఇంకో తరం తయారు చేస్తే దాంట్లో ఏం ఉండాలి? నావి మూడు కోరికలు: 250 న్యూటన్ మీటర్లకు తగ్గని టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), ఆరో గేరు, వెనక డిస్క్ బ్రేకులు. మీవి చెప్పండి.


ఏపీ24_పాతబండి | నల్లగొండ | శనివారం రాత్రి 10:15

శుభాకాంక్షలు తమ్ముడూ. నాది స్విఫ్ట్ డీజిల్, ఇంకా ఏపీ 24 నంబరే. తెలంగాణ వచ్చి టీఎస్ అయింది, తర్వాత టీజీ అయింది, నా బండి మాత్రం రాష్ట్రం మారినట్టు ఒప్పుకోలేదు.

నువ్వు హుషారు అంటున్నావు కానీ, ఒకప్పుడు హుషారు కోసం ప్రత్యేకంగా వెతకాల్సిన పని లేదు. ఫియట్ 1.3 మల్టీజెట్ ఒక్కటే ఎన్ని బండ్లను నడిపిందో చూడు. స్విఫ్ట్‌లో 75 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), పుంటో పై మోడల్‌లో 93 పీఎస్. రెండు వేల ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపల నిద్ర, దాటితే పూనకం. మా ఊరి పిల్లలు డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ పూనకం మీదే.

ఇప్పుడు మిగిలిందెవరు? మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు రాగానే డీజిల్ మానేసింది. పోలో డీజిల్ కూడా అప్పుడే పోయింది, 2022లో పోలోనే పోయింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తానని చెప్పేసింది. ఐ20 డీజిల్ 2023 దాకా ఉండి వెళ్లిపోయింది. చివరికి మిగిలింది టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే. ఉమ్మడి కుటుంబంలో అందరూ హైదరాబాద్ పోతే ఇంటి దగ్గర ఒక్కడు మిగిలినట్టు. కాబట్టి కోరికల చిట్టా ఎవరికి రాయాలో అడ్రసు ఒక్కటే ఉంది.


దేవరకొండ_డౌన్‌షిఫ్ట్ | దేవరకొండ | శనివారం రాత్రి 10:32

ఏం అనుకోకండి అన్నా, ఇది చనిపోయిన మనిషికి కొత్త చొక్కా కుట్టించడం లాంటిది. నాది ఐ20 ఎన్ లైన్, హ్యుందాయ్ వాళ్ల హుషారు పెట్రోల్ హ్యాచ్. 120 పీఎస్, ఆరు గేర్లు, నాలుగు డిస్కులు, మంచి ఎగ్జాస్ట్ సౌండు. మీరు అడిగిన మూడింటిలో రెండు ఇప్పటికే దొరుకుతున్నాయి. టార్క్ ఒక్కటి తక్కువ, దానికి గేరు ఒకటి దించితే సరిపోతుంది. డీజిల్ వాళ్లకు గేరు దించాలంటే ఎందుకంత బద్ధకం?

పోయిన ఆదివారం మా ఇంటి నుంచి డిండి మీదుగా శ్రీశైలం పోయాను. మన్ననూరు గేటు ఆరింటికి తీస్తారు కదా, అయిదు నలభైకే లైనులో ఉన్నాను. దోమలపెంట దాటాక కిందికి దిగే మలుపుల్లో ముక్కు ఎటు తిప్పితే అటు తిరిగింది. మీ డీజిల్ బండ్ల ముందు భాగంలో ఇంజిన్ బరువు ఉంటుంది, మలుపులో ముక్కు బయటికే పోతుంది. ఆ బరువును ఏ తరం వచ్చినా మార్చలేరు.


నిర్వాహకుడు | శనివారం రాత్రి 10:50

దేవరకొండ తమ్ముడికి ఒక మాట. మన్ననూరు గేటు రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా మూసేది జంతువుల కోసం. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రేసు ట్రాక్ కాదు. రోడ్డు మీద కొండముచ్చులు పిల్లలను ఎత్తుకుని కూర్చుంటాయి. అడవిలో స్పీడు గురించి గొప్పలు ఈ చర్చలో వద్దు. బండి గురించి ఎంతసేపైనా మాట్లాడుకోండి.


దేవరకొండ_డౌన్‌షిఫ్ట్ | దేవరకొండ | శనివారం రాత్రి 10:53

సారీ అన్నా. స్పీడు ఎక్కువ పోలేదు, మలుపు గురించే చెప్పాను.


వనపర్తి_మాస్టారు | వనపర్తి | ఆదివారం ఉదయం 6:20

"గేరు ఒకటి దించితే సరిపోతుంది" అన్న మాట మీద రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పినవాడిని, వదలలేను.

బండిని నెట్టే శక్తి టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణిస్తే వస్తుంది. పై చివర 120 పీఎస్ ఉంటే ఉండనీ, అది ఐదారు వేల ఆర్‌పీఎం దగ్గర మాట. అయిజ రోడ్డులో ట్రాక్టర్ వెనక ఉన్నప్పుడు మన ఇంజిన్ రెండు వేల దగ్గర తిరుగుతుంటుంది. అక్కడ ఎవరి చేతిలో ఎంత ఉందో చూద్దాం. ఎన్ లైన్ టార్క్ 172 న్యూటన్ మీటర్లు, అంటే రెండు వేల దగ్గర 49 పీఎస్. ఆల్ట్రోజ్ డీజిల్ 200, అంటే 57. పాలమూరు తమ్ముడి పోలో 250, అంటే 71. టాటా వాళ్ల ఎత్తు బండి నెక్సాన్ డీజిల్ 260, అంటే 74.

కాగితం మీద 120 పీఎస్ ఉన్న బండి చేతిలో ఆ క్షణాన 49 ఉంటే, 110 పీఎస్ ఉన్న బండి చేతిలో 71 ఉంది. మీరు గేరు దించి ఆర్‌పీఎం పెంచుకుని ఆ తేడా పూడ్చుకోవచ్చు, తప్పు లేదు. కానీ గేరు దించి, ఇంజిన్ పైకి లేచేసరికి ఆ ఐదారు సెకన్లలో ఒకటిన్నర పోతుంది. తమ్ముడు అడిగేది ఆ ఒకటిన్నర సెకను గురించే.

ముక్కు బరువు విషయంలో మాత్రం దేవరకొండ పిల్లవాడిది నిజమే. దానికి నా దగ్గర లెక్క లేదు.


పాలమూరు_పిస్టన్ | మహబూబ్‌నగర్ | ఆదివారం ఉదయం 7:05

మాస్టారూ, పదేళ్లుగా నేను చెప్పలేక చేతులు ఊపుతున్నదాన్ని మీరు నాలుగు అంకెల్లో చెప్పారు. మీ క్లాసులో కూర్చునే భాగ్యం లేకపోయింది, ఉంటే ఇంటర్ ఒకేసారి పాసయ్యేవాణ్ని.


షెడ్డు_భాయ్ | జడ్చర్ల | ఆదివారం ఉదయం 11:30

మాస్టారు లెక్క కరెక్టే. ఇప్పుడు నా షెడ్డు లెక్క వినండి.

అందరూ టార్క్ టార్క్ అంటున్నారు. మీ పాత బీఎస్4 చిన్న డీజిల్ బండ్లు అంత హాయిగా ఎందుకున్నాయి? వెనకాల గొట్టంలో పెద్దగా ఏమీ లేదు కాబట్టి. బీఎస్4లో డీజిల్ కారు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. బీఎస్6లో 80. మసి 25 నుంచి 4.5కు దించారు. 2023 ఏప్రిల్ నుంచి అయితే ల్యాబులో పాసైతే చాలదు, బండి వెనక మిషన్ కట్టి రోడ్డు మీద తిప్పి కొలుస్తారు. దీనంతటికీ డీపీఎఫ్, అంటే మసి పట్టే ఫిల్టర్ కావాలి, దానితో పాటు ఆ నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టే క్యాటలిస్టో, యూరియా నీళ్లు కొట్టే ఎస్‌సీఆరో కావాలి. ఈ సామాను 25 లక్షల బండిలో పెట్టినా, 9 లక్షల బండిలో పెట్టినా ఖర్చు దాదాపు అంతే. పెద్ద బండిలో కనపడదు, చిన్న బండిలో నడుము విరుగుతుంది. హ్యాచ్ డీజిల్ చచ్చింది అందుకు. ఎవరి కుట్రా లేదు.

ఈమధ్య షెడ్డుకు ఒక బీఎస్6 డీజిల్ వచ్చింది. కంపెనీ పేరు వద్దు. డాక్టర్ గారి బండి. ఇంటి నుంచి క్లినిక్‌కు రెండు కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ రెండు. డీపీఎఫ్ లైటు మూడు వారాలు వెలిగింది, ఆయన పట్టించుకోలేదు. చివరికి బండి నలభై దాటడం మానేసింది. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ తగ్గాల్సింది పోయి పైగీత మీద వేలెడు పెరిగి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. ఏం జరిగిందంటే, మసి కాల్చాలంటే ఫిల్టర్ ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కాలి, దానికి బండి అదనంగా డీజిల్ కొడుతుంది. కాలడం మొదలయ్యే లోపే డాక్టర్ గారు క్లినిక్ ముందు ఆపేస్తారు. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. రోజూ అదే కథ. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు విప్పితే పొయ్యి మీద మాడిన జొన్న సంకటి లెక్క నల్లగా అంటుకుని ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకాను.

నేను ఆయనను అడిగాను, లైటు వెలిగినప్పుడు ఒక గంట కర్నూలు రోడ్డు మీద తిప్పి రాకపోయారా అని. "ఆ లైటు దానికోసమని ఎవరు చెప్పారయ్యా?" అన్నాడు. అది కూడా నిజమే. ఎవరూ చెప్పలేదు.

అందుకని నా కోరిక ఒక్కటే. కొత్త తరంలో డీజిల్ ముల్లు పక్కన ఇంకో ముల్లు పెట్టండి. ఫిల్టర్‌లో మసి ఎంత నిండింది, ఇప్పుడు కాలుతోందా లేదా, అంతే. పదివేల రూపాయల రంగు లైట్లు పెడతారు కానీ, ఇది పెట్టరు. హుషారు బండికి ఇంకా ముఖ్యం, ఎందుకంటే నడిపేవాడు కాలుతున్న టైంలో బండి ఆపకుండా ఇంకో చుట్టు వేసి వస్తాడు. వానికి సాకు దొరుకుతుంది.


గడియారం_సెంటర్ | నల్లగొండ | ఆదివారం మధ్యాహ్నం 2:10

షెడ్డు భాయ్ గారూ, మీ పోస్టు మా స్టాఫ్ రూములో చదివి వినిపిస్తాను. అక్కడ ఇద్దరికి ఈ అవసరం ఉంది.

నేను సూర్యాపేటలో లెక్చరర్‌ని. రోజూ నల్లగొండ నుంచి నకిరేకల్ మీదుగా పోను రాను నూరు కిలోమీటర్లు దాటుతుంది. నాది ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్, 100 పీఎస్. కంపెనీ ఇక్కడ తయారీ ఆపేసినా విడిభాగాలకు నాకింకా ఇబ్బంది రాలేదు. హైవే మీద ఎవరైనా కుర్రాడు వెనక లైట్లు కొడితే నేను పక్కకు జరుగుతాను, వాడు దాటాక కొంచెం దూరం వాడి వెనకే పోతాను. వాడు అద్దంలో చూసుకుంటూనే ఉంటాడు. ఇది నా సరదా, మా వారికి చెప్పకండి.

ఈ చర్చలో ఒకటి గమనించాను. హుషారు అంటే అందరూ ఇంజిన్ గురించే మాట్లాడుతున్నారు. నాకు హుషారు అంటే మొదట సీటు. నేను అయిదడుగుల రెండంగుళాలు. క్లచ్ పూర్తిగా తొక్కాలంటే సీటు ముందుకు లాక్కోవాలి, లాక్కుంటే స్టీరింగ్ ఛాతీకి తగులుతుంది. స్టీరింగ్ కిందికి పైకి వస్తుంది కానీ, ముందుకు వెనక్కి రాదు, ఈ ధరలో చాలా బండ్లలో ఇంతే. పోలోలో వచ్చేది కదా, పాలమూరు తమ్ముడు చెప్పాలి.

రెండోది హెడ్‌లైట్లు. చలికాలం కాలేజీ అయ్యేసరికి చీకటి పడుతుంది. నకిరేకల్ నుంచి నల్లగొండ దారిలో వరి కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి ఆ రాళ్లు ముందుగా కనపడాలి. 260 న్యూటన్ మీటర్లతో పోతూ రాయి పది గజాల్లో కనపడితే ఏం లాభం?

మూడోది వెనక బ్రేకులు, తమ్ముడు చెప్పాడు కాబట్టి మళ్లీ చెప్పను.


పాలమూరు_పిస్టన్ | మహబూబ్‌నగర్ | ఆదివారం మధ్యాహ్నం 2:45

అవునక్కా, పోలోలో స్టీరింగ్ రెండు వైపులా జరుగుతుంది. నేను ఆరడుగులు, మా ఆవిడ మీ అంతే ఉంటుంది, ఇద్దరికీ కుదిరింది. వరి రాళ్ల మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గర వరికి తోడు వేరుశనగ కూడా రోడ్డు మీదే ఆరుతుంది.


మిర్యాలగూడ_మిల్లు | మిర్యాలగూడ | ఆదివారం సాయంత్రం 5:30

చదివి చదివి నవ్వొస్తోంది. కాలు నొక్కగానే నెట్టాలి, గేరు దించే పని ఉండొద్దు, కింద ఆర్‌పీఎంలోనే టార్క్ కావాలి. మీరు అడుగుతున్నది ఎలక్ట్రిక్ బండి. డీజిల్ వాసన ఒక్కటే తక్కువ. ఆ వాసన కావాలంటే చెప్పండి, మా మిల్లు జనరేటర్ దగ్గర ఒక సీసా పట్టి పంపిస్తాను.

నేను పోయిన ఏడాది ఈవీ కొన్నాను. మన రాష్ట్రంలో 2026 డిసెంబర్ ఆఖరు దాకా రోడ్ ట్యాక్స్ పూర్తిగా మాఫీ. మిల్లు రేకుల మీద సోలార్ ఉంది, చార్జింగ్ ఖర్చు ఎంతని మా అకౌంటెంట్ అడిగితే ఏ పద్దులో రాయాలో నాకే తెలియలేదు. అద్దంకి, నార్కట్‌పల్లి రోడ్డులో సిమెంటు లారీలను దాటుతుంటే క్షణం కూడా ఆగాల్సిన పని లేదు. పాలమూరు తమ్ముడు "ముందు ఒక క్షణం ఏమీ జరగదు" అన్నాడు కదా, ఆ క్షణం కూడా దీంట్లో లేదు.


పాలమూరు_పిస్టన్ | మహబూబ్‌నగర్ | ఆదివారం సాయంత్రం 6:00

అన్నా, మీకు మిల్లు ఉంది, మిల్లు మీద రేకులు ఉన్నాయి. నాకు అయిజ అవతల సీడ్ పత్తి చేను ఉంది, చేను గట్టు మీద వేపచెట్టు ఉంది. దాని కింద ప్లగ్గు లేదు.

వాదించడం లేదు. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి పోయే పని అయితే నేనూ అదే కొనేవాణ్ని. నాకు ఒక్కో రోజు మూడు వందల కిలోమీటర్లు అవుతుంది, ఏ రోజు అవుతుందో పొద్దున తెలియదు. ఇంకో సంగతి. ఆ "ఏమీ జరగని క్షణం" ఉంది చూశారూ, అది లేకపోతే తర్వాత వచ్చే నెట్టుడులో రుచి ఉండదు. మిరపకాయ బజ్జీ నోట్లో పెట్టగానే మండదు కదా.


దేవరకొండ_డౌన్‌షిఫ్ట్ | దేవరకొండ | ఆదివారం సాయంత్రం 6:20

బజ్జీ పోలిక బాగుంది అన్నా. ఆకలేస్తోంది.

నేను పెట్రోల్ మనిషినే అయినా ఒకటి ఒప్పుకుంటాను. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక నా మైలేజీ కొంచెం తగ్గింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువట, మాస్టారు చెప్పాలి. మీ డీజిల్‌కు ఆ గోల లేదు.


వనపర్తి_మాస్టారు | వనపర్తి | ఆదివారం రాత్రి 8:15

అవును, లీటరుకు లీటరు పోలిస్తే మూడో వంతు తక్కువ. ఇరవై శాతమే కలుపుతారు కాబట్టి మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది.

ఖర్చు లెక్క కూడా వేసి పెడతాను, ఎవరికైనా పనికొస్తుంది. లీటరు పెట్రోల్ 107.50, డీజిల్ 95.70 అనుకుందాం. డీజిల్ హ్యాచ్ లీటరుకు 20, టర్బో పెట్రోల్ 14 ఇస్తుందనుకుందాం. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌కు 9,570, పెట్రోల్‌కు దాదాపు 15,360. తేడా 5,790. నెలకు 700 తిరిగితే తేడా 2,025 మాత్రమే. డీజిల్ బండికి లక్షా ఇరవై వేలు ఎక్కువ పెట్టామనుకుంటే, మొదటివాడికి 21 నెలల్లో వస్తుంది, రెండోవాడికి ఐదేళ్లు పడుతుంది. ఆ రెండోవాడు షెడ్డు భాయ్ చెప్పిన డాక్టర్ గారే అయితే అయిదేళ్లకు కూడా రాదు.


ఏపీ24_పాతబండి | నల్లగొండ | ఆదివారం రాత్రి 9:00

అందరూ ఎవరికి కావాల్సింది వాళ్లు అడిగారు. ఇప్పుడు జరిగే పని ఏది, జరగనిది ఏది చూద్దాం.

మా అల్లుడు జర్మనీలో ఉంటాడు, అక్కడి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీడీ అనే డీజిల్ హ్యాచ్ గురించి వీడియో కాల్‌లో గంట చెప్పాడు. 1982లో మొదటి జీటీడీకి 1.6 ఇంజిన్, 70 పీఎస్. ఎనిమిదో తరానికి వచ్చేసరికి 2 లీటర్ల ఇంజిన్, 200 పీఎస్, 400 న్యూటన్ మీటర్లు. పొగ కడగడానికి ఒకదాని వెనక ఒకటి రెండు ఎస్‌సీఆర్ క్యాటలిస్టులు పెట్టారు, ఒకటి ఇంజిన్ పక్కన, ఒకటి బండి కింద. వాళ్లు చేయగలిగారంటే విద్య ఉంది. కానీ మన దగ్గరికి ఆ బండి రాలేదు. 2025లో దాని పెట్రోల్ తమ్ముడు జీటీఐ వస్తే దాదాపు 53 లక్షలు. ఆ డబ్బుతో మా ఊళ్లో ఇల్లు కట్టి, మిగిలినదాంట్లో స్విఫ్ట్ కొనొచ్చు.

మన దగ్గర హద్దులు వేరు. నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఇంజిన్. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత లోపల ఉంటే 18 శాతం జీఎస్టీ, దాటితే 40. ఏ కంపెనీ వాడూ హుషారు కోసం ఆ గీత దాటడు. కాబట్టి 2 లీటర్ల కలలు మానేయాలి.

గీత లోపల ఏముంది? ఆల్ట్రోజ్‌లో ఉన్న 1.5 ఇంజిన్ 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు, అయిదు గేర్లు. అదే కంపెనీ అదే 1497 సీసీ డీజిల్‌ను నెక్సాన్‌లో పెట్టి 115 పీఎస్, 260 న్యూటన్ మీటర్లు తీస్తోంది, ఆరు గేర్లతో. అంటే వంట అయిపోయింది, పక్కింటి గిన్నెలో ఉంది. వడ్డిస్తే చాలు.


షెడ్డు_భాయ్ | జడ్చర్ల | ఆదివారం రాత్రి 9:35

అన్నా, వడ్డిస్తే చాలదు. టార్క్ 200 నుంచి 260కి పోతే క్లచ్ మారాలి, గేర్‌బాక్సు మారాలి, డ్రైవ్ షాఫ్టులు తట్టుకోవాలి, ఇంటర్‌కూలర్‌కు గాలి అందాలి. హ్యాచ్ బానెట్ కింద చోటు తక్కువ. కానీ చేయలేనిది కాదు.

ఇంకోటి. 2024లో వాళ్లే ఆల్ట్రోజ్ రేసర్ తెచ్చారు, పెట్రోల్, 120 పీఎస్, ఆరు గేర్లు. ఏడాదికే ఆపేశారు. అంటే ఆరో గేరు ఆ బండిలో పట్టింది. హుషారు హ్యాచ్‌కు కొనేవాళ్లు మాత్రం పట్టలేదు. ఇది మన తప్పు కూడా. చర్చల్లో అందరం హ్యాచ్ అంటాం, డబ్బు కట్టేటప్పుడు ఎత్తు బండికి కడతాం. ఈ చర్చలో ఉన్నవాళ్లలో పోయిన మూడేళ్లలో కొత్త హ్యాచ్ కొన్నది ఎవరు? దేవరకొండ తమ్ముడు ఒక్కడే, అది కూడా పెట్రోల్.


గడియారం_సెంటర్ | నల్లగొండ | ఆదివారం రాత్రి 9:50

దెబ్బ సరిగ్గా తగిలింది. మా ఇంట్లో రెండో బండిగా పోయిన దసరాకు ఎత్తు బండే కొన్నాం. మా వారి నడుం నొప్పి కారణం.


పాలమూరు_పిస్టన్ | మహబూబ్‌నగర్ | మంగళవారం రాత్రి 8:20

రెండు రోజులు మాయమైనందుకు మన్నించండి. పాతబండి అన్న చెప్పిన "పక్కింటి గిన్నె" రుచి చూడకుండా ఉండలేకపోయాను. ఇవాళ నెక్సాన్ డీజిల్, ఆరు గేర్ల మాన్యువల్ టెస్ట్ డ్రైవ్ తీసుకున్నాను. పిల్లలమర్రి రోడ్డులో ఒక చుట్టు వేయిస్తామన్నారు, నేను బతిమాలి భూత్‌పూర్ దాకా హైవే మీద తిప్పాను.

ఇంజిన్ గురించి చెప్పాలంటే, మాస్టారు లెక్క అబద్ధం కాదు. మూడో గేరులో పదహారు వందల దగ్గర నుంచే లాగడం మొదలైంది. ఆరో గేరులో ఎనభైలో పోతుంటే ఇంజిన్ ఉన్నట్టే లేదు. నా పోలోలో అయిదో గేరులో పోతూ లేని ఆరో గేరు కోసం ఎన్నిసార్లు చెయ్యి పోయిందో, ఆ చెయ్యికి ఇవాళ పని దొరికింది.

కానీ హైవే దిగి ఊళ్లోకి వచ్చే మలుపులో నేను ఎత్తులో కూర్చుని ఉన్నానని గుర్తొచ్చింది. బండి తప్పు కాదు, అది అలా కూర్చోవడానికే కట్టారు. తిరిగొచ్చి నా బండిలో కూర్చుంటే నేల దగ్గరికి వచ్చినట్టు, చెప్పులు విప్పినట్టు అనిపించింది. ఈ ఇంజిన్, ఈ గేర్‌బాక్సు, ఒక జానెడు కిందికి. అంతే నా కోరిక. పక్కన కూర్చున్న సేల్స్ పిల్లగాడికి అదే చెప్పాను. "ఫీడ్‌బ్యాక్‌లో రాస్తా సార్" అన్నాడు. ఫారంలో నేను చూస్తుండగానే "కస్టమర్ ఇంట్రెస్టెడ్" అని రాసుకున్నాడు.


మిర్యాలగూడ_మిల్లు | మిర్యాలగూడ | మంగళవారం రాత్రి 8:41

ఇక నీకు రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి తమ్ముడూ.


దేవరకొండ_డౌన్‌షిఫ్ట్ | దేవరకొండ | మంగళవారం రాత్రి 8:44

అన్నా, ఒక్కసారి నా బండి నడిపి చూడు. తాళం నేనే ఇస్తాను. డిండి దగ్గర కలుద్దాం. నేను నీ పోలో నడుపుతాను, ఆ బజ్జీ సంగతేందో చూడాలి.


షెడ్డు_భాయ్ | జడ్చర్ల | మంగళవారం రాత్రి 9:10

కొత్త తరం వచ్చినప్పుడు వస్తుంది, అసలు వస్తుందో లేదో ఎవడికి తెలుసు. ముందు ఉన్నదాని సంగతి చెప్పు. లక్షా అరవై ఎనిమిది వేలు అన్నావు. టైమింగ్ బెల్టు చివరిసారి ఎప్పుడు మార్పించావు?


పాలమూరు_పిస్టన్ | మహబూబ్‌నగర్ | మంగళవారం రాత్రి 9:12

అంటే... మొదటిసారి ఎనభై తొమ్మిది వేల దగ్గర మార్పించాను అన్నా. తర్వాత గుర్తు లేదు.


షెడ్డు_భాయ్ | జడ్చర్ల | మంగళవారం రాత్రి 9:13

గుర్తు లేదంటే మార్చలేదని అర్థం. రేపు గద్వాల పోకు. పొద్దున తొమ్మిదింటికి జడ్చర్ల తీసుకురా, నిదానంగా రా, టార్క్ చూపించకుండా. బెల్టుతో పాటు వాటర్ పంపు కూడా మారుద్దాం, సామాను నేను ఇప్పుడే చెప్పి పెడుతున్నా. అది తెగిందంటే వాల్వులు పోయి పిస్టన్ల మీద కూర్చుంటాయి. తర్వాత నువ్వు నిజంగానే ఎత్తు బండి కొనాలి.


పాలమూరు_పిస్టన్ | మహబూబ్‌నగర్ | మంగళవారం రాత్రి 9:15

తొమ్మిదింటికి షెడ్డు ముందు ఉంటాను అన్నా. మధ్యాహ్నం బిర్యానీ ఖర్చు నాది. దేవరకొండ తమ్మీ, డిండి ఆదివారానికి పెట్టుకుందాం, బెల్టు మారాకే తాళం ఇస్తాను.